ఎలిమినేషన్ డైట్ – మూడో పాఠం: పోపుల డబ్బాతో మొదలుపెట్టి వంటగది సర్దుకోవడం

ఆటోఇమ్యూన్ జబ్బులకు (ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసేవి) చేసే ఎలిమినేషన్ డైట్‌లో ఏవి మానాలో, ఎందుకు మానాలో మొదటి రెండు పాఠాల్లో చూశాం. ఒకసారి గుర్తు చేసుకుందాం: ధాన్యాలు, పప్పుదినుసులు, పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, గింజలు, టమాటా, వంకాయ, ఆలుగడ్డ, అన్ని రకాల మిర్చి, కాఫీ, చక్కెర. వీటిని కనీసం ఆరు వారాలు పక్కన పెట్టి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తింటూ ఏది పడటం లేదో పట్టుకోవాలి. ఇప్పుడు సరుకుల సంగతి చూద్దాం. సరుకు లేకుండా మొదలుపెట్టినవాళ్లు నాలుగైదు రోజులకే ఆకలికి లొంగిపోతారు.

సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష ఇంకా చేయించుకోకపోతే గోధుమలు మానకముందే చేయించుకోండి. మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ పడిపోవచ్చు, కాబట్టి ముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేయించుకోవాలి. గర్భిణులు, పిల్లలు, ఇప్పటికే బరువు తగ్గిపోతున్నవాళ్లు ఈ పద్ధతిని సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఇక పోపుల డబ్బా తెరవండి. మన ఇళ్లలో అన్నం మానడం కష్టమే, కానీ కనిపించకుండా దెబ్బతీసేది ఈ డబ్బాయే. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ధనియాలు గింజలు. మినప్పప్పు, శనగపప్పు పప్పుదినుసులు. ఎండుమిర్చి సంగతి తెలిసిందే. అంటే ఏడు గిన్నెల్లో దాదాపు ఏడూ ఖాళీ అవుతాయి. మిరియాలు, యాలకులు, షాజీరా, అనాసపువ్వు, జాజికాయ కూడా ఆరు వారాలు ఆగాలి. చాలామంది 'అన్నం మానేశాను, అయినా ఏమీ తేడా లేదు' అంటారు. అడిగితే రోజూ రెండుపూటలా పోపు పడుతూనే ఉంటుంది.

ఖాళీ అయిన గిన్నెల్లో ఇవి పోయండి: పసుపు, దాల్చినచెక్క, లవంగాలు, జాపత్రి, శొంఠి పొడి, నీడన ఆరబెట్టిన కరివేపాకు పొడి, ఎండుకొబ్బరి తురుము. కొత్తిమీర ఆకు, మెంతికూర ఆకు తినొచ్చు, వాటి గింజలే వద్దు. బేగంబజార్‌లో మసాలా దినుసులు ఎప్పుడూ విడివిడిగానే కొనండి. పొట్లం కట్టిన గరం మసాలాలో ధనియాలు, జీలకర్ర లేకుండా ఉండదు.

ఇంగువ దగ్గర ఆగి చూడాలి. అసలు ఇంగువ చెట్టు బంక, దానితో ఇబ్బంది లేదు. డబ్బాల్లో అమ్మే పొడి ఇంగువలో మాత్రం ఎక్కువ భాగం మైదా గానీ బియ్యప్పిండి గానీ ఉంటుంది. లేబుల్ మీద పదార్థాల వరుసలో పిండి పేరు కనిపిస్తే పక్కన పెట్టండి. ముద్ద ఇంగువ దొరికితే నలుగురి కూరకు ఆవగింజంత చాలు, ఎక్కువైతే కూర చేదెక్కుతుంది.

కొత్త పోపు పెట్టే తీరు వేరు. పల్లీనూనె, నువ్వులనూనె, సన్‌ఫ్లవర్ నూనె మూడూ గింజల నూనెలే కాబట్టి కొబ్బరినూనె వాడాలి. వాసన నచ్చనివాళ్లు రిఫైన్డ్ కొబ్బరినూనె తెచ్చుకుంటే వాసన రాదు. గానుగ కొబ్బరినూనె పల్లీనూనె కంటే ముందే పొగ వస్తుంది, మంట మధ్యస్థంగానే ఉంచండి. నూనె కాగిందని చెప్పడానికి ఆవాలు చిటపటలాడవు కదా, అందుకని ఒక కరివేపాకు వేసి చూడండి. దాని చుట్టూ సన్నటి నురుగు లేస్తే సరిపోయింది. రెండు చెంచాల నూనెలో చితకొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం సన్నగా తరిగి వేయండి. వెల్లుల్లి అంచులు బంగారు రంగుకు రాగానే కరివేపాకు రెబ్బ వేసి, మంట ఆపాకే పసుపు వేయాలి. వెల్లుల్లి గోధుమరంగు దాటితే కూర మొత్తం చేదు, మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవడమే మంచిది.

కారం లేకపోతే నోటికి ఏమీ ఎక్కదనిపిస్తుంది. ఘాటు అల్లం, శొంఠి ఇస్తాయి. టమాటా పులుపు బదులు చింతపండు, మామిడికాయ, నిమ్మకాయ, గోంగూర, చుక్కకూర ఉండనే ఉన్నాయి. కాకపోతే కారం తీసేశాక పులుపు ముందుకొస్తుంది. గోంగూర మాంసమే తీసుకోండి. అర కిలో మటన్‌కు మామూలుగా వేసే గోంగూరలో సగమే, అంటే ఒక చిన్న కట్ట చాలు. ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి పది రెబ్బలు, రెండంగుళాల అల్లం, దాల్చినచెక్క ముక్క, లవంగాలు నాలుగు, అర చెంచా పసుపు వేసి కుక్కర్లో ముక్క మెత్తబడేదాకా ఉడికించండి. గోంగూర విడిగా మగ్గించి ఆఖర్న కలపాలి. దించేముందు అర కప్పు చిక్కటి కొబ్బరిపాలు పోస్తే పులుపు సర్దుకుంటుంది.

కొబ్బరిపాలు ఇంట్లోనే తీయండి. ఒక కాయ తురుముకు కప్పున్నర గోరువెచ్చని నీళ్లు పడతాయి, ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలవుంటాయి. ప్యాకెట్ పాలల్లో చిక్కదనానికి గ్వార్ గమ్ కలుపుతారు. అది గోరుచిక్కుడు గింజల నుంచి తీసేది, కాబట్టి మనకు వద్దు.

అన్నం స్థానంలో దుంపలు. మన మిత్రులకు ఎక్కువగా తప్పేది ఇక్కడే. అన్నం తీసేసి నాలుగు కూరముక్కలతో సరిపెడతారు, సాయంత్రానికి తల తిరుగుతుంది, డైట్ పడలేదనుకుంటారు. ఒక పూటకు 200 గ్రాముల అన్నం తినేవాళ్లకు దానికి సమానంగా సుమారు 250 గ్రాముల చిలగడదుంప కావాలి. రెండుపూటలకు వారానికి మూడున్నర కిలోల దుంపలన్నమాట. చిలగడదుంప, చేమగడ్డ, కంద, అరటికాయ, కర్రపెండలం మార్చి మార్చి కొనండి. హైదరాబాద్‌లో చిలగడదుంపను కందగడ్డ అని కూడా అంటారు కాబట్టి రైతుబజార్‌లో చేత్తో చూపించి తీసుకోవడం మేలు. శివరాత్రి ముందు ఇవి బాగా దిగుతాయి, ధరా తగ్గుతుంది. పచ్చి చిలగడదుంప ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో గట్టిపడి ఎంత ఉడికించినా మెత్తబడదు, గాలి తగిలే బుట్టలోనే ఉంచండి. కంద, చేమ గొంతు దురద పెట్టేది అందులోని ఆక్సలేట్ వల్ల. చింతపండు రసంలో పూర్తిగా ఉడికిస్తే తగ్గుతుంది, కానీ కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఈ రెంటికీ దూరంగా ఉండాలి. కర్రపెండలం పచ్చిగా ఎప్పుడూ తినొద్దు. తొక్క మందంగా తీసి ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి.

సగ్గుబియ్యం ఇక్కడ కర్రపెండలం నుంచే చేస్తారు, తినొచ్చు. కిచిడీలో పల్లీలు, ఆలుగడ్డ మాత్రం వద్దు. కూర చిక్కబడటానికి శనగపిండి బదులు ఒక చెంచా పాలగుండను (ఆరారూట్ పొడి) చల్లటి నీళ్లలో కలిపి ఆఖర్న పోయండి. ఎక్కువసేపు మరిగిస్తే మళ్లీ పలచబడుతుంది.

మాంసం, చేపలు పూటకు 150 గ్రాముల చొప్పున వారానికి సుమారు రెండు కిలోలు. చేపలు రామ్‌నగర్ మార్కెట్‌లో పొద్దున్నే తెచ్చి, పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మసాలా పట్టించి అమ్మే చికెన్ కొనకండి. ఆకుకూరలు, బీర, సొర, పొట్ల, కాకర, దోస, బెండ అన్నీ పనికొస్తాయి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు హఠాత్తుగా పెంచకూడదు, అందులోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది.

శాకాహారులకు ఈ పద్ధతి యథాతథంగా మేం సూచించం. పప్పు, పెరుగు, గుడ్డు, గింజలు అన్నీ పోయాక ప్రొటీన్‌కు దారి మిగలదు. అన్నం, పెసరపప్పు ఉంచి మిగతావి తీసేసే తేలికపాటి పద్ధతిని డైటీషియన్‌తో కూర్చుని రాయించుకోండి.

ఫలితం మీద ఆశ ఎంత పెట్టుకోవచ్చో కూడా తెలియాలి. 2017లో అమెరికాలో క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగుల వాపు జబ్బులు ఉన్న 15 మందితో ఈ డైట్ చేయిస్తే ఆరో వారానికి 11 మందికి లక్షణాలు సద్దుమణిగాయి. మంచి సంకేతమే. అయితే పోల్చడానికి డైట్ చేయని గుంపు అందులో లేదు. అందుకే డైట్ మందుకు తోడు మాత్రమే, మాత్ర ఒక్కటి కూడా సొంతంగా ఆపొద్దు.

కాఫీ ఒక్కరోజులో మానితే కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు. మొదలుపెట్టే తేదీకి పది రోజుల ముందు నుంచే రోజూ కొంత తగ్గిస్తూ రండి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఉన్న ప్రతి ప్యాకెట్, డబ్బా లేబుల్ చదివి పనికిరానివి పై అరలోకి మార్చండి. మిక్సీ జార్లలో ఒకటి మీకోసం కేటాయించండి, కారం పట్టిన జారు ఎంత కడిగినా రబ్బరు కింద పొడి మిగులుతుంది. తర్వాత ఏడు రోజుల భోజనం కాగితం మీద రాసి, పక్కన దుంపల బరువు వేయండి. అనుమానం వచ్చిన సరుకుల పేర్లు విడిగా రాసి ఉంచుకోండి. నాలుగో పాఠంలో ముందు ఆ పేర్లే చూస్తాం, తర్వాత బయట తినాల్సి వచ్చినప్పుడు ఏం చేయాలో.