కన్నవారితో రాకపోకలు ఆపుకున్నవారు ముందే తేల్చుకోవలసిన విషయాలు

చిన్నతనమంతా బెల్టు దెబ్బలకో, తాగివచ్చిన తండ్రి కేకలకో, నలుగురిలో తల్లి చేసే అవమానాలకో హడలిపోతూ పెరిగినవారు నడివయసులో ఇంటికి దూరం కావడం మన దగ్గర కొత్తేమీ కాదు. బయటికి చెప్పుకోరు, అంతే. దూరంగా ఉండాలా వద్దా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. ఉండదలచుకుంటే మాత్రం, ఎంత దూరమో వివరంగా కాగితం మీద రాసుకోండి.

ఫోన్ ఎత్తుతారా, వాట్సాప్‌లో బదులిస్తే చాలనుకుంటారా, పండక్కి వెళితే రాత్రి అక్కడే ఉంటారా, మీ పిల్లలను వారి దగ్గర వదిలి బజారుకు వెళతారా అన్నవి తేల్చుకోండి. చావుకబురు వస్తే వెళతారా, పెద్దకొడుకైతే తలకొరివి మాటేమిటి అన్నది కూడా మనసు కుదురుగా ఉన్న రోజునే ఆలోచించుకోవాలి. బంధువుల ఏడుపుల మధ్య, అర్ధరాత్రి తీసుకున్న నిర్ణయం ఆ తరవాత చాలాకాలం తొలుస్తుంది.

శుభలేఖ చేతిలో పెట్టి, "ఎంతైనా కన్నవాళ్లు, నువ్వే సర్దుకుపోవాలి" అనే మేనత్తతో వాదనకు దిగకండి. "అత్తయ్యా, పెళ్లికి వస్తాను, అక్షింతలు వేసి బయల్దేరతాను, ఆ సంగతి మాత్రం మాట్లాడను" అనండి. మళ్లీ అడిగినా అదే మాట చెప్పండి. కారణాలు వివరించిన కొద్దీ పంచాయితీ పెరుగుతుంది.

మాటలు లేకపోయినా చట్టం ఉంటుంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు 2007 నాటి పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి పిల్లల నుంచి నెలవారీ భత్యం కోరవచ్చు. అలాంటి అవసరం ఉంటే బ్యాంకు ద్వారా పంపండి; ముఖాలు చూసుకోనక్కర్లేదు, లెక్కా ఉంటుంది.

ఇల్లు వదిలినంత మాత్రాన భయం వదలదు. ఆఫీసులో ఎవరో గొంతు పెంచితే చేతులు వణుకుతుంటే, తలుపు గట్టిగా వేసిన చప్పుడుకు గుండె దడదడలాడుతుంటే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ఇలాంటి గాయాలతో వచ్చినవారికి చికిత్స చేసిన అనుభవం ఉందా అని ముందే అడగండి. ట్రామాపై, అంటే మనసుకు తగిలిన గాయంపై దృష్టి పెట్టే సీబీటీని (ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకునే మాటల చికిత్స), ఈఎండీఆర్‌ను (కళ్లు అటూఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకాల బాధ తగ్గించే చికిత్స) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. మొదటి సిట్టింగులోనే "అమ్మానాన్నలను క్షమించేయండి" అనేవారి దగ్గరికి రెండోసారి వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం. ఫీజు భారమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

ఎప్పుడైనా తల్లిదండ్రులే కలుద్దామంటే, మొదటిసారి ఇంట్లో కాకుండా ఏ హోటల్లోనో గంటసేపు కలవండి. జరిగినదాన్ని జరిగినట్టు ఒప్పుకుంటున్నారో, "ఏదో పాత సంగతులు, వదిలెయ్" అంటున్నారో చూసి, రెండోసారి సంగతి అప్పుడు ఆలోచించండి.