వామి చాలదని తెలిసిన ఏడాది మేతను సరిపెట్టుకోవడం ఎలా?

అనంతపురం వంటి వర్షచ్ఛాయా ప్రాంతంలో వేరుశనగ దెబ్బతిన్న ఏడాది కాయలతోపాటు కట్టె (కాయలు కోశాక మేతగా మిగిలే ఎండు మొక్క) కూడా తగ్గుతుంది కాబట్టి, వేసవి మేత కరువు పంట పీకిన రోజునే తెలిసిపోతుంది. అయినా వామిని కంటితో చూసి చాలుతుందిలే అనుకోవడం మనకు అలవాటు.

కనుక ముందుగా తూకం వేయండి. పది మోపులను కాటాపై తూచి సగటు కట్టి, ఉన్న మోపుల సంఖ్యతో హెచ్చిస్తే నిల్వ ఎంతో తేలుతుంది. సుమారు 300 కిలోల బరువున్న నాటు పశువుకు రోజుకు 6 కిలోల ఎండుమేత చొప్పున చూసినా, ఫిబ్రవరి నుంచి జూన్ చివరి వరకు 150 రోజులకు రెండు పశువులకు 1,800 కిలోలు కావాలి. తక్కువ పడేదెంతో అప్పుడే తెలిస్తే, ధర పెరగకముందే కర్నూలు-కడప కాలువ కింది ఊళ్ల నుంచి వరిగడ్డి తెప్పించుకోవచ్చు.

ఉన్న మేతను నేలపై పరవకుండా, ముక్కలుగా నరికి గాడిలో (మేత తొట్టిలో) వేయండి. తొక్కిడిలో పోయేది మిగులుతుంది.

వరిగడ్డిలో మాంసకృత్తులు బాగా తక్కువ. దానికి యూరియా పట్టించడం శ్రమే గాని, దక్కే ఫలితానికి ఆ శ్రమ ఎక్కువేమీ కాదు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, గడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ ప్రతి పొరపైనా సమంగా చల్లి, గాలి నిలవకుండా గట్టిగా తొక్కి, ప్లాస్టిక్ పట్టతో మూసి అంచులపై మట్టి వేయాలి. 21 రోజుల తర్వాత పట్ట తీసినప్పుడు గడ్డి పసుపు గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, కళ్లు మండేంత అమ్మోనియా ఘాటు కొడుతుంది. ఏ రోజుకు కావలసినది ఆ రోజు తీసి, గంటసేపు ఆరనిచ్చి, మొదటి వారం మామూలు గడ్డిలో కలిపి అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు ఇది పెట్టకూడదు. యూరియా నీళ్లు తాగిన పశువు ప్రాణానికే ముప్పు కనుక, పని ముగిసేదాకా పశువులను దూరంగా కట్టేసి, మిగిలిన నీళ్లను వెంటనే పారబోయాలి. వేరుశనగ కట్టెకు ఈ పని అవసరం లేదు, కాని వానకు తడిసి నల్లబూజు పట్టిన కట్టెను ఎంత కరువైనా వేయవద్దు.

తొలకరికి మొలిచి బెట్టకు వాడిన లేత జొన్నలో నాము అనే విషం ఉంటుంది, అది తిన్న పశువు నిమిషాల్లో పడిపోవచ్చు. ఆకలితో ఉన్న పశువే అటు పరుగెత్తుతుంది కాబట్టి, చివరి పదిహేను రోజులకు సరిపడే గడ్డిని ఇప్పుడే వేరే వామిగా వేసి, జూన్ సగం దాటేవరకు దాని మీద చేయి వేయకండి.