కాలువ శివారు (చివరి) భూములకు నీళ్లు అందకపోతే: నిలబడే ఫిర్యాదు ఎలా పెట్టాలి

"సార్, మాకు నీళ్లు రావడం లేదు" అని రైతు అంటాడు. "పై నుంచే తక్కువ వస్తున్నాయి" అని నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అంటారు. చాలా ఫిర్యాదులు ఈ రెండు మాటల దగ్గరే ఆగిపోతాయి. అదే "మంగళవారం పొద్దున ఆరింటికి మైనరు మొగలో 12 క్యూసెక్కులు పారుతున్నాయి, మా తూముల దగ్గరికి 3 చేరాయి, మధ్యలో ఏడు మోటార్లు కాలువలోనే ఉన్నాయి" అని కాగితం మీద పెడితే ఆ అధికారి వచ్చి చూడక తప్పదు. చూడకపోతే ఎందుకు చూడలేదో రేపు పై అధికారికి చెప్పుకోవాలి. (మైనరు అంటే పెద్ద కాలువ నుంచి చీలిన చిన్న కాలువ, మొగ అంటే దాని మొదలు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు.)

మీ హక్కు ఎంత?

కొలతకు ముందు రికార్డు చూసుకోవాలి. మీ సర్వే నంబరు ఆయకట్టులో లోకలైజ్ అయి (నీటికి అర్హమని నమోదై) ఉందా, ఉంటే తరికా (వరికి), ఆరుతడికా (తక్కువ నీటి పైర్లకు)? ఆయకట్టు రిజిస్టరు ఏఈ ఆఫీసులో ఉంటుంది, నీటి సంఘం దగ్గర కూడా ఉండాలి. గ్రామ సాగు రికార్డు అయిన అడంగల్‌లోనో పహాణీలోనో నీటి వనరు కాలమ్ చూసి, ఆ నకలు తీసుకోండి. పాత నీటి తీరువా రసీదులుంటే పారేయకండి. ఏళ్ల తరబడి ఆ కాలువ నీళ్లే పారాయనడానికి అంతకంటే మంచి కాగితం దొరకదు.

నాగార్జునసాగర్ కాలువల కింద ఎక్కువ తగాదాలకు మూలం ఇక్కడే ఉంది. ఆరుతడికి లోకలైజ్ చేసిన పైభూముల్లో వరి వేస్తారు, ఆ వరి తాగేసిన నీళ్లు కింద శివారులో కరువవుతాయి. మీ భూమి కూడా ఆరుతడి కిందే ఉండి మీరు వరి వేసి ఉంటే, మీ ఫిర్యాదు మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. అప్పుడు వరికి నీళ్లు కావాలని అడగకుండా, ఆరుతడికి రావలసిన తడి రావడం లేదని రాయండి. ఆ మాట నిజం కాబట్టి నిలబడుతుంది.

రెండోది, ఆ సీజన్‌లో మీ కాలువకు నీళ్లిస్తామని చెప్పారా లేదా. జిల్లా నీటిపారుదల సలహా మండలి ఏ కాలువకు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని తడులో ముందే నిర్ణయిస్తుంది. రబీలో మీ డిస్ట్రిబ్యూటరీకి (మైనర్లకు నీళ్లిచ్చే పై కాలువకు) నీళ్లు లేవని తీర్మానం అయి ఉంటే అధికారుల చేతిలో ఏమీ ఉండదు. ఆ తీర్మానం నకలు, వారబందీ (నీటి వంతుల) పట్టిక రెండూ దగ్గర పెట్టుకోండి. మీ వంతు ఏ రోజు, ఎన్ని గంటలో రాసి ఉన్న ఆ పట్టికే మీ ఫిర్యాదుకు ఆధారం.

నీళ్లు ఎక్కడ పోతున్నాయి?

ఒకే రోజు మూడు చోట్ల కొలవాలి: మైనరు మొగ, మధ్య, మీ తూముకు కాస్త ఎగువ. మొగలోనే తక్కువ ఉంటే తప్పు పైన ఉంది, మీ ఊరి ఎగువ రైతుల మీద పడితే లాభం లేదు. మొగలో సరిగా ఉండి మధ్యలో పడిపోతే ఆ రెండు చోట్ల మధ్య కాలువ గట్టు వెంట నడవండి.

గేజి (నీటి మట్టం చూపే కొలబద్ద) ఉన్నచోట దాని రీడింగు రాసుకోండి. లేనిచోట తేలే వస్తువుతో కొలవచ్చు. మలుపులు, గడ్డి లేని 100 అడుగుల తిన్నని కాలువ ముక్క చూసుకుని, రెండు చివరలా తాడు కట్టండి. సగం నీళ్లు పోసి మూత పెట్టిన చిన్న ప్లాస్టిక్ సీసా వాడండి. ఖాళీ సీసా అయితే గాలికి కొట్టుకుపోయి లెక్క తప్పుతుంది. మొదటి తాడుకు పది అడుగుల ఎగువన నడిమధ్యలో వదిలి, తాడు నుంచి తాడుకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఐదుసార్లు చేసి సరాసరి తీయండి. గట్టుకు తగిలిన సారి లెక్కలోకి తీసుకోవద్దు.

పైన నీటి వెడల్పు 7 అడుగులు, అడుగున 5 అడుగులు అనుకుందాం. సరాసరి 6. లోతు మూడు చోట్ల కర్రతో చూస్తే సరాసరి అడుగున్నర. 6ను 1.5తో గుణిస్తే 9 చదరపు అడుగులు. సీసా 100 అడుగులు దాటడానికి 80 సెకన్లు పట్టింది, అంటే సెకనుకు 1.25 అడుగులు. పైనీరు అడుగునీటి కంటే వేగంగా పారుతుంది కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి, 1.06 వస్తుంది. 9ని 1.06తో గుణిస్తే సుమారు 9.5 క్యూసెక్కులు. ఇంజనీర్లు కరెంట్ మీటరుతో కొలిస్తే వచ్చే లెక్కకు ఇది పూర్తిగా సరిపోలదు. కానీ 12కూ 3కూ మధ్య ఉన్న తేడా చూపడానికి ఇది చాలు.

ఒక క్యూసెక్కు 24 గంటలు పారితే సుమారు 24 ఎకరాల మీద అంగుళం నీళ్లు నిలుస్తాయి. రెండంగుళాల తడి కావాలంటే 12 ఎకరాలకే. మీ తూము కింద ఎన్ని ఎకరాలో తెలిస్తే, వంతు గంటల్లో ఎంత రావాలో, ఎంత వచ్చిందో మీరే తేల్చగలరు.

కొలిచే వేళ కూడా ముఖ్యం. త్రీఫేజ్ కరెంటు రాకముందు ఒకసారి, వచ్చిన రెండు గంటలకు ఒకసారి కొలవండి. కరెంటు రాగానే మట్టం దిగితే అది మోటార్ల పనే. రాత్రీ పగలూ ఒకేలా తక్కువగా ఉంటే తూటికాడ, పూడిక, గండి, లేదా ఇసుక బస్తాలతో వేసిన అడ్డుకట్ట ఉందేమో చూడండి. పెద్దది చేసిన తూము పైపు, కిందికి దింపి బిగించిన పైపు గట్టు మీద నుంచి కనబడవు. నీళ్లు ఆపిన రోజు దిగి పైపు వ్యాసం, మట్టం కొలవాలి.

దొంగతనం ఏమీ లేకుండానే శివారు ఎండే సందర్భాలూ ఉన్నాయి. కాలువలో నిండు మట్టం, అంటే ఎఫ్ఎస్ఎల్, లేకపోతే తూము దాని పూర్తి నీళ్లు ఇవ్వదు. కాలువ మట్టానికీ పిల్లకాలువ మట్టానికీ మధ్య తేడా 12 అంగుళాల నుంచి 3 అంగుళాలకు పడితే, నీళ్లు మునిగిన పైపులో పారేది సగమే. ఇలాంటిచోట పోలీసులను పిలిపించడం కంటే, వంతులు కుదించి ఒక్కో డిస్ట్రిబ్యూటరీకి నిండు మట్టంతో నీళ్లు వదలమని అడగడం మేలు. అందరికీ సగం సగం పారించడం పైకి న్యాయంలా కనిపిస్తుంది కానీ శివారును ఎండబెడుతుంది.

ఎవరికి ఇవ్వాలి?

1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం ప్రకారం వారబందీ తయారుచేసి అమలుచేయడం, తూముల మధ్య నీటిని సర్దడం, సభ్యుల తగాదాలు తీర్చడం నీటి వినియోగదారుల సంఘం పనులు. సభ్యుల మధ్య తగాదా అయితే సంఘం కార్యవర్గానికి ఇవ్వాలి. సంఘంతోనే తగాదా అయినా, రెండు సంఘాల మధ్య అయినా డిస్ట్రిబ్యూటరీ కమిటీకి, ఆ పైన ప్రాజెక్టు కమిటీకి. వచ్చిన తగాదాను 15 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగాయి. కార్యవర్గం లేని చోట ఆ బాధ్యతలు చూస్తున్న అధికారి పేరిట రాయండి.

పొట్ట దశలో ఉన్న వరి మాత్రం 15 రోజులు ఆగదు. అందుకే నెర్రెలు పడేదాకా చూడకుండా, మొదటి వంతు తప్పిన రోజే కాగితం ఇవ్వాలి. సంఘానికి ఒకటి, ఏఈకి ఒకటి, ఆయన పై అధికారి డీఈకి నకలు. మూడు రోజుల్లో కదలిక లేకపోతే డీఈ పైన ఉండే ఈఈకి, సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. తెలంగాణలో అది ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక). అక్కడ ఇచ్చే నంబరు జాగ్రత్త చేయండి. నేరుగా కలెక్టర్ దగ్గరికే వెళితే ఆ కాగితం తిరిగి తిరిగి అదే ఏఈ బల్ల మీదికి వస్తుంది, వారం పోతుంది.

కాగితంలో ఏముండాలి?

ఒక పేజీ చాలు. కాలువ పేరు, మైనరు, తూము నంబరు, సర్వే నంబర్లు, ఎకరాలు, వేసిన పైరు, దాని వయసు. తర్వాత ఇలా: "వారబందీ ప్రకారం ఫలానా తేదీ ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 వరకు మా వంతు. ఆ 24 గంటల్లో తూముకు నీరు అందింది 7 గంటలు మాత్రమే. ఆ రోజు కొలతలు ఈ కింద ఉన్నాయి. ఫలానా కిలోమీటరు రాయి దగ్గర కుడిగట్టున 3 మోటార్లు కాలువలో ఉన్నాయి. జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి మోటార్లు తీయించి, తప్పిన 17 గంటలు ఈ వంతులోనే ఇప్పించగలరు." చివరి కోరిక చాలామంది మరిచిపోతారు. చర్య తీసుకోమని మాత్రమే అడిగితే నోటీసు ఇచ్చి చర్య తీసుకున్నామని రాసేస్తారు, పొలానికి చుక్క రాదు.

పార్టీ పేర్లు, కులం, పాత కక్షలు కాగితంలో రాయకండి. అవి రాస్తే నీటి తగాదా ఊరి తగాదాగా మారి, అధికారి రాజీ చేసుకోమని పంపేస్తారు. ఒక్కరి సంతకం కంటే ఆ తూము కింది రైతులందరి సంతకాలు మంచివి. నకలు మీద తేదీ, ముద్రతో అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.

గేజి రీడింగులు ఇచ్చేది లేదని వాళ్లంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మండల స్థాయి ఆఫీసుకు రుసుము 5 రూపాయలు, ఆ పైన ఆఫీసులకు 10. గడువు 30 రోజులు. ఈ పంటకు పనికిరాకపోయినా వచ్చే సీజన్‌కు అదే మీ సాక్ష్యం.

వాళ్లు వచ్చిన రోజు

జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు నీటిపారుదల, రెవెన్యూ వాళ్లు వస్తారు. మోటార్లుంటే విద్యుత్ శాఖ కూడా రావాలి. వస్తున్నారని తెలియగానే మోటార్లు ఒడ్డెక్కుతాయి. గట్టు మీద పైపు రాసుకున్న చాళ్లు, స్టార్టరు డబ్బా, కాలువలోకి కట్టిన తడిక చూపించండి, తేదీ పడిన ఫొటోలు ఇవ్వండి. పంచనామా రాస్తుంటే చదవకుండా సంతకం పెట్టకండి. "పరిశీలన సమయంలో మోటార్లు లేవు" అని ఉంటే, కింద చాళ్లు, తడిక గురించి కూడా రాయమనండి.

ఎదుటివాళ్లకు నోటీసు ఇచ్చి వాళ్ల మాట కూడా వింటారు. అది వినకుండా ఇచ్చిన ఆర్డరు కోర్టులో నిలవదు, కాబట్టి ఆ రెండు మూడు రోజులు ఓర్చుకోవాలి. ఎంత కోపం వచ్చినా రాత్రికి రాత్రి షట్టరు ఎత్తడం, అడ్డుకట్ట మీరే పగలగొట్టడం చేయకండి. అధికారం లేకుండా తూము తెరవడం, మూయడం అదే 1997 చట్టం కింద నేరం. కేసు మీ మీద పడుతుంది. ఆర్డరు వచ్చాక రాత్రి గస్తీకి లస్కరుతో (కాలువ కాపలాదారుతో) పాటు మీలో ఇద్దరిని పెట్టమని అడగండి.

అధికారులు కాగితం తీసుకుని కదలకపోతే హైకోర్టులో రిట్ (అధికారులకు ఆదేశం ఇవ్వమని పిటిషన్) వేయవచ్చు. అక్కడ మొదట చూసేది ఆ అక్నాలెడ్జ్‌మెంట్లే. మీ పొలానికి నీళ్లు పారే పిల్లకాలువను పక్క రైతు దున్నేస్తే దారి వేరు, అది సివిల్ కోర్టు పని. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (ఇతరుల భూమి మీద దారి, నీటి వాడకం హక్కుల చట్టం) కింద 20 ఏళ్లు అడ్డు లేకుండా వాడిన దారి హక్కవుతుంది. అడ్డం పడ్డ రెండేళ్లలోపు దావా వేయాలి.

బోరు ఎండితే

పక్క బోరు వల్ల మీ బావి ఎండిందనే ఫిర్యాదు వీటన్నిటికంటే కష్టం. ఖచ్చితమైన దారిలో పారని భూగర్భజలం మీద ఈజ్‌మెంట్స్ చట్టం హక్కు ఇవ్వదు. అందుకే ఇక్కడ పట్టు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం మీదే. తహసీల్దారును అడగవలసినవి: ఆ బోరుకు అనుమతి ఉందా, వేసిన రిగ్గు రిజిస్టర్ అయిందా, 250 మీటర్లలోపు ప్రజల తాగునీటి వనరు ఉందా. మూడోది ఉంటే పంచాయతీ చేత ఫిర్యాదు ఇప్పించండి. తాగునీటి మాట వస్తే ఫైలు త్వరగా కదులుతుంది. మీ బోరు రిజిస్టర్ కాకపోతే ముందు అది చేయించుకోండి, లేకపోతే అదే ప్రశ్న మీ మీదికి వస్తుంది.

భూగర్భజల శాఖ వాళ్లు వచ్చేలోపు మీరు చూడగలిగింది ఒకటుంది. రెండు మోటార్లూ రాత్రంతా ఆపి, పొద్దున మీ బావి మట్టం టేపుతో కొలవండి. పక్క మోటారు మాత్రమే వేయించి ప్రతి 15 నిమిషాలకు మట్టం రాసుకోండి, నాలుగు గంటలపాటు. ఆపాక మళ్లీ నాలుగు గంటలు. నడుస్తుంటే దిగి, ఆపాక తిరిగి ఎక్కితే ఆ బోరు ప్రభావం ఉన్నట్టే. దిగడం, ఎక్కడం రెండూ లేకుండా మట్టం ముందే అడుగంటి ఉంటే ఆ ప్రాంతం నీరే పడిపోయింది, ఒక్క పొరుగు రైతును ఆపితే తిరిగి రాదు. గ్రానైటు నేలల్లో నీళ్లు బీటల వెంట నడుస్తాయి కాబట్టి, వంద అడుగుల్లోని బోరు ఏమీ చేయకపోవచ్చు, మూడు వందల అడుగుల్లోది లాగేయవచ్చు. దగ్గరుందని ఒకరి మీద రాసేముందు చుట్టూ ఉన్న బోర్లను ఒక్కొక్కటిగా ఇలా వేయించి చూడండి. సబ్‌మెర్సిబుల్ ఉన్న బోరులో టేపు దించేటప్పుడు మెయిన్ ఆపి, ఫ్యూజు తీసి చేతిలో పెట్టుకోండి.