కాల్ బ్రేక్ నేర్చుకునేటప్పుడు ముక్క పడదు, కాల్ తప్పుతుంది, ఆట ఆగిపోతుంది: ఎందుకు, ఏం చేయాలి

మా నలుగురిలో ఒకడు భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద ఉంటాడు, ఒకడు హైదరాబాదులో, మా బావ దుబాయ్‌లో. నేను రాజోలు పక్కన ఇంటిపట్టునే ఉంటాను. సంక్రాంతికి తప్ప నలుగురం ఒక అరుగు మీద కూర్చునే వీలు లేదు. ఫోన్లో కాల్ బ్రేక్ అనే పేకాట మొదలుపెట్టాక వారానికి రెండు రాత్రులు కలుస్తున్నాం. మొదట్లో మాకు రమ్మీ తప్ప ఇంకో ముక్కలాట తెలియదు. మొదటి నెలంతా ఒకటే గొడవ: యాప్ మోసం, ముక్కలు పాడు, నెట్ పాడు. ఒక్కొక్కటీ విప్పి చూస్తే కారణాలు వేరే ఉన్నాయి. మా దగ్గర ఎదురైనవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. నలుగురు, 52 ముక్కలు, మనిషికి 13. ఒకరు వేసిన ముక్క మీద మిగతా ముగ్గురూ తలో ముక్క వేస్తారు. మొదట పడిన రంగులో పెద్దది వేసినవాడిది ఆ పట్టు, తర్వాతి ముక్క వేసేది కూడా వాడే. ఇస్పేటు ఎప్పుడూ తురుపే, అంటే మిగతా రంగుల్లో ఎంత పెద్ద ముక్కనైనా కొట్టేస్తుంది. ముక్కలు పంచగానే ఎన్ని పట్లు తెస్తామో ముందే చెప్పాలి, అదే కాల్. చెప్పినన్ని తెస్తే అన్ని పాయింట్లు, పైన వచ్చిన ఒక్కో పట్టుకి 0.1. ఒక్కటి తగ్గినా చెప్పినదంతా మైనస్. ఇలా ఐదు పంపకాలు ఆడితే ఒక ఆట.

"ముక్క నొక్కుతుంటే పడట్లేదు, యాప్ పాడైపోయింది"

యాప్ బాగానే ఉంది. ఆ ముక్క వేయకూడదు కాబట్టి మసకబరిచింది.

ఎవరో డైమను తొమ్మిది వేశారు. మీ దగ్గర డైమను రాణి, డైమను నాలుగు ఉన్నాయి. రమ్మీ అలవాటు కొద్దీ రాణిని దాచుకుని నాలుగు వదిలేద్దామనుకుంటారు. కుదరదు. అదే రంగు ఉంటే అదే వేయాలి. అందులో కింద పడినదాని కంటే పెద్దది ఉంటే అదే వేయాలి. మీ కంటే ముందే ఎవరైనా రాజు వేసి ఉంటే రాణి గెలవదు కాబట్టి నాలుగు వేసుకోవచ్చు. డైమన్లు అసలు లేకపోతే, గెలవగల ఇస్పేటు ఉన్నంతవరకు దానితో కొట్టాల్సిందే. అదీ లేనప్పుడే ఇష్టమొచ్చిన ముక్క.

రంగు అంటే ఎరుపు, నలుపు కాదు. ఆఠీను, డైమను, కళావరు, ఇస్పేటు: ఈ నాలుగూ నాలుగు రంగులు. రెండు రాత్రులు మేం ఇక్కడే తడబడ్డాం.

ఈ "పెద్దది వేయాల్సిందే" అన్న నియమం అన్ని యాప్‌లలో ఒకేలా ఉండదు. కొన్నింట్లో దాన్ని తీసేసుకోవచ్చు. చేతిలో ఒక్క ఇస్పేటూ లేనివాడికి మళ్లీ పంచాలా వద్దా అన్నదీ అంతే. యాప్‌లో స్నేహితులకే గది తెరిచి కోడ్ పంపేవాడు సెట్టింగుల్లో ఏం పెట్టాడో మొదటి ముక్క పడకముందే నలుగురికీ చెప్పాలి. నడిమధ్యలో తెలిస్తే తగువు తప్పదు.

"ప్రతిసారీ ఐదు కాల్ చేస్తాను, మూడే వస్తాయి"

నేర్చుకునేవాళ్లందరి అసలు జబ్బు ఇదే. ముక్కలు బాగోలేదంటారు గానీ, తేడా కాల్‌లో ఉంటుంది. నా చేతికే వచ్చిన ఒక పంపకం చూడండి.

ఇస్పేటు రాజు, తొమ్మిది, నాలుగు. ఆఠీను ఆసు, రాజు, ఎనిమిది, ఐదు, మూడు. డైమను రాణి, ఏడు, రెండు. కళావరు ఆసు, ఆరు.

రెండు ఆసులు, రెండు రాజులు, ఒక రాణి. ఐదు అనేశాను. మూడు వచ్చాయి. ఆఠీను రాజు తెగింది, డైమను రాణిని ఎవరో రాజుతో పట్టుకుపోయారు.

ఆఠీను రాజు ఎందుకు తెగింది? నా దగ్గరే ఐదు ఆఠీనులు ఉన్నాయి. మిగిలిన ఎనిమిదీ ముగ్గురి మధ్య ఉండాలి. ఆసు వేసినప్పుడు తలా ఒకటి పోతుంది. రాజు వేసేసరికి ముగ్గురి దగ్గరా ఇంకోటి ఉండాలి, లేనివాడు ఇస్పేటుతో కొడతాడు. లెక్క వేసి చూశాను: మన దగ్గర ఒక రంగువి ఐదు ముక్కలుంటే, మిగతా ముగ్గురి దగ్గరా రెండుకి తగ్గకుండా ఆ రంగు ఉండేది నూటికి 52 సార్లే. మన దగ్గర నాలుగుంటే 67, మూడుంటే 78. అంటే రంగు పొడవయ్యేకొద్దీ అందులో రాజు బలం తగ్గిపోతుంది. రమ్మీ నుంచి వచ్చినవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఒకే రంగు వరసగా వస్తే పండగే. అదే చేతిలో ఆసు సంగతి వేరు. ఐదు ముక్కల రంగులోనైనా మొదటి చుట్టులో ముగ్గురి దగ్గరా ఆ రంగు ఉండేది నూటికి 92 సార్లు.

ఇక పాయింట్ల లెక్క. నాలుగు కాల్ చేసి ఐదు తెస్తే 4.1. ఐదు కాల్ చేసి ఐదు తెస్తే 5. తేడా 0.9. మరి నాలుగే వస్తే? నాలుగు కాల్ చేసినవాడికి 4, ఐదు కాల్ చేసినవాడికి మైనస్ 5. తేడా 9. గెలిస్తే తొమ్మిది పైసలు, ఓడితే తొంభై పైసలు పెట్టే పందెం అది. ఆ ఐదో పట్టు పదకొండుసార్లలో పదిసార్లకి పైగా వస్తుందన్న నమ్మకం ఉంటేనే పైకి వెళ్లాలి.

మరి ఆ చేతికి కాల్ ఎంత? రెండు ఆసులకి రెండు. ఇస్పేటు రాజుకి కింద రెండు ముక్కలు కాపలా ఉన్నాయి కాబట్టి ఒకటి. కళావర్లు రెండే, అవి పోయాక మూడోసారి కళావరు పడితే చిన్న ఇస్పేటుతో కొట్టొచ్చు. ఆ దెబ్బో, ఆఠీను రాజో, రెండింట్లో ఒకటి నిలుస్తుందనుకుంటే ఇంకొకటి. మొత్తం నాలుగు, ఆ నమ్మకం లేకపోతే మూడే. డైమను రాణికి సున్నా. చిన్న ముక్కలతో నిలబడ్డ రాణిని కాల్‌లో కలపడం మానేసిన వారానికే మా హైదరాబాదువాడి మైనస్‌లు సగానికి సగం తగ్గాయి.

ఇస్పేటు రాజులోనూ ఒక మెలిక ఉంది. అది ఒంటరిగా ఉన్నా, ఎవరైనా ఇస్పేటు రాణి వేసినా దాన్ని దించక తప్పదు. వెనక ఆసు ఉన్నవాడు కూర్చుని ఉంటే పోయినట్టే. కాపలా లేని రాజుని కాల్‌లో వేయకండి.

"ఆసు చేతిలోనే చచ్చిపోయింది"

దాచడమే కారణం. ఆట సాగేకొద్దీ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రంగు అయిపోతుంటుంది. పదో పట్టుకి డైమను ఆసు తీస్తే రెండుతో కూడా తురుపు కొట్టేస్తారు. పట్టు మీ చేతికి రాగానే ఇస్పేటు కాని రంగుల ఆసులు ముందు వేసేయండి, వెనకే రాజులు. ఇస్పేటు ఆసుని మాత్రం తొందరపడి వేయనక్కర్లేదు, దాన్ని కొట్టేది లేదు.

"ఎన్ని ఇస్పేట్లు పోయాయో గుర్తుండట్లేదు"

52 ముక్కలూ గుర్తుపెట్టుకోవాలని చూస్తే ఏదీ గుర్తుండదు. ఇస్పేట్లు ఒక్కటే లెక్కపెట్టండి, అదీ బయటివి మాత్రమే. పై చేతిలో నా దగ్గర మూడున్నాయి కాబట్టి బయట పది. మొదటి ఇస్పేటు పడగానే బొటనవేలిని చూపుడువేలి కింది కణుపు మీద పెడతాను. ఆ తర్వాత ఎవరి దగ్గర్నుంచి ఇస్పేటు పడినా ఒక కణుపు జరుపుతాను. వేలికి మూడు కణుపులు, మూడు వేళ్లు అయిపోయాయంటే తొమ్మిది పడ్డాయి, ఇంకొకటే ఉంది. అది కూడా పడిపోయి, బయట ఆఠీనులు కూడా అయిపోయి ఉంటే నా ఆఠీను ఐదు, మూడు కూడా ఆసులతో సమానం, కొట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. మా అమ్మ జపమాల లేనప్పుడు ఇలాగే నామాలు లెక్కపెట్టుకునేది, నాకు ఆ అలవాటు అక్కడే వచ్చింది.

"ఇస్పేటు అనుకుని కళావరు వేశాను"

చెరువు గట్టు మీద ఫోను చూస్తే రెండూ నల్లగానే కనపడతాయి. కొన్ని యాప్‌లలో నాలుగు రంగుల పేక అని ఒక సెట్టింగు ఉంటుంది. సాధారణంగా కళావర్లు ఆకుపచ్చగా, డైమన్లు నీలంగా మారిపోతాయి. యాభై దాటినవాళ్లకి దాన్ని మొదటిరోజే పెట్టేయండి. ముక్కలని రంగులవారీగా సర్దే మీట ఉంటే అదీ వాడుకోండి.

"కోడ్ కొడితే గది కనపడట్లేదు" / "మధ్యలో నా బదులు కంప్యూటరు ఆడేసింది"

మొదటిదానికి మాకు దొరికిన కారణాలు రెండే. ఒకే పేరుతో చాలా యాప్‌లు ఉండటం వల్ల ఒకడు వేరేది దించుకున్నాడు. ఇంకోసారి ఒకడి యాప్ పాతది. అందుకే పేరు చెప్పకుండా లింకే గ్రూపులో పెట్టండి, అందరూ అప్‌డేట్ చేసుకోండి. స్నేహితుల గది కాకుండా మామూలు ఆటలోకి వెళ్తే ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి కూర్చుంటారు.

రెండోది మా వైపు ఎక్కువ. మీ వంతుకి మీరు లైన్లో లేకపోతే యాప్ తనే ఒక ముక్క వేసేస్తుంది. గాలివానకి కరెంటు పోతుంది, రౌటరు ఆరిపోతుంది, ఫోను వైఫై వదిలి డేటాకి మారేలోపు వంతు దాటిపోతుంది. వేసవిలో, తుపాను రోజుల్లో మొదటినుంచీ డేటా మీదే కూర్చోండి, లేదా రౌటరుకి చిన్న యూపీఎస్ పెట్టుకోండి. కరెంటు ఉన్నా ఆట తెగుతోందంటే ఫోన్లో బ్యాటరీ పొదుపు చూడండి. తెర కాస్త ఆరగానే అది యాప్‌ని మూసేస్తుంది, ఆ ఒక్క యాప్‌కి మినహాయింపు ఇవ్వాలి. ఎవరో ఫోన్ చేసినప్పుడే తెగుతుంటే వోల్టీ (VoLTE, 4జీ మీదే ఫోన్ కాల్ నడిపే సెట్టింగు) ఆపేసి ఉందేమో చూసి ఆన్ చేయండి. ఎలా తెగినా యాప్ తీసేసి మళ్లీ దించుకోకండి, అదే కోడ్‌తో లోపలికి వస్తే చాలాసార్లు మీ ముక్కలు అలాగే ఉంటాయి.

"బావకి మాట వినపడట్లేదు"

దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు, అక్కడి నిబంధన. జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటి వాటికి అనుమతి ఉంది. జూమ్ ఉచితంగా 40 నిమిషాలు నడుస్తుంది, మా ఐదు పంపకాలు దాదాపు అందులోనే అయిపోతాయి. మన తొమ్మిదిన్నర వాళ్లకి ఎనిమిది, డ్యూటీ అయి అన్నం తినే వేళ. అందుకే మా ఆట తొమ్మిదిన్నరకి. మాట రెండుసార్లు వినపడుతుంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకోని ఒక్కడెవడో కనిపెట్టండి, వాడి స్పీకరులోంచే వస్తుంది.

"మాటల్లో ముక్కలు చెప్పేసుకుంటున్నారు"

ఇది నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. "ఒరేయ్, ఈసారి ఇస్పేట్లన్నీ నాకే వచ్చాయి రా" అని సంబరంగా అనేస్తారు. విన్న ఇద్దరూ జాగ్రత్తపడతారు, మాట అందని బావ నష్టపోతాడు. కాల్ బ్రేక్‌లో జట్లు లేవు, ఎవరి ఆట వారిదే. మేం పెట్టుకున్న కట్టుబాటు ఇది: ముక్కలు పంచినప్పటినుంచి పదమూడో పట్టు దాకా ముక్కల ఊసెత్తకూడదు. ఊరి కబుర్లు, కొబ్బరికాయ ధర, రొయ్యల కౌంటు, ఏదైనా మాట్లాడుకోవచ్చు. పంపకం అయ్యాక మాత్రం అందరం ముక్కలు చెప్పుకుని ఎవరెక్కడ తప్పారో చూసుకుంటాం. నేర్చుకున్నదంతా అప్పుడే.

"డబ్బులు కడితే బోనస్ అని లింకు వచ్చింది"

నొక్కకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. స్నేహితుల గదికి రూపాయి అక్కర్లేదు. డబ్బు వేయమని అడిగే యాప్ అయితే తీసేసి, గ్రూపులో మిగతావాళ్లకి కూడా చెప్పండి.

"మామయ్య గారికి ఆలోచించేలోపే టైమైపోతోంది"

కొత్తవాళ్లు, పెద్దవాళ్లు ఆట వదిలేసేది ఎక్కువగా ఇందుకే. స్నేహితుల గదిలో గడియారం పెంచుకునే వీలుంటే పెంచండి, కొన్ని యాప్‌లలో పూర్తిగా ఆపేయవచ్చు. అయినా బెదిరిపోతుంటే ఫోను పక్కన పెట్టేయండి. మా మామయ్యకి నేను మంచం మీద మామూలు పేకే పరిచాను. నాలుగు చేతులూ పైకి తిప్పి, అన్నీ కనపడేలా పెట్టి, "కాల్ ఎంతండీ?" అని అడిగాను. "ఐదు రా అబ్బాయ్" అన్నారు. ఒక్కో పట్టూ ఆయన చేతే వేయించాను. ఏడో పట్టుకి ఆయన ఆఠీను రాజు మీద ఇస్పేటు రెండు పడింది. ఆ రెండుని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "నాలుగు అనాల్సింది" అన్నారు. రెండు సాయంత్రాలు అలా మంచం మీద ఆడాక మూడో రోజు తనే ఫోను అడిగారు.