నాటు పందుల మందలో రంగును బట్టి జన్యువులను అంచనా వేయడం ఎలా?

నాటు పందులను సంకరం కాకుండా నిలుపుకోవాలనుకునే పెంపకందారు, పంది ఈనిన రోజునే ప్రతి పిల్ల రంగునూ, మచ్చలనూ, తల్లిదండ్రుల వివరాలనూ పుస్తకంలో రాసుకోవాలి. అడవిపంది రంగుతో పుట్టే పిల్లల ఒంటిమీది లేత చారలు కొన్ని నెలల్లోనే మాయమవుతాయి కనుక ఆ తరువాత చూసి లాభం లేదు. నల్ల తల్లికి చారల పిల్ల పుడితే, ఆమెకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చిన రెండు రంగు జన్యు ప్రతుల్లో ఒక్కటే నలుపుదని రూఢి అవుతుంది.

రంగును ముఖ్యంగా రెండు జన్యువులు నిర్ణయిస్తాయి. ఎంసీ1ఆర్ అనేది వెంట్రుకలో నల్ల వర్ణకం తయారుకావాలా, ఎర్రది తయారుకావాలా అన్నది తేలుస్తుంది. ఇందులో నలుపు బహిర్గతం, అంటే ఒక్క ప్రతి ఉన్నా బయటపడుతుంది; డ్యూరాక్ జాతిలో కనిపించే ఎరుపు అంతర్గతం, అంటే రెండు ప్రతులూ ఎరుపువైతేనే బయటపడుతుంది. రెండోదైన కిట్, పిండదశలో రంగు కణాలు వెన్ను వైపు నుంచి బయలుదేరి చర్మమంతా పరుచుకోవడానికి తోడ్పడుతుంది. లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే తెల్ల పంది జాతిలో ఈ కిట్ జన్యువు రెట్టింపై, అందులో ఒక ప్రతి దెబ్బతిని ఉండటం వల్ల రంగు కణాలు చర్మానికి చేరవు, పంది తెల్లగా పుడుతుంది. ఆ తెలుపు కింద ఎంసీ1ఆర్ ఏ రంగుదైనా బయటపడదు.

పియట్రైన్ అనే మచ్చల పంది జాతిలోని నల్ల మచ్చలను దగ్గరగా పరిశీలించడం మంచిది. వాటి ఎంసీ1ఆర్‌లో అదనంగా రెండు డీఎన్ఏ అక్షరాలు చొరబడి జన్యువును పనిచేయనీయవు. అయితే శరీరం పెరిగే క్రమంలో ఎక్కడో ఒక కణంలో ఆ పొరపాటు దానంతటదే సరైపోతే, దాని సంతతి కణాలున్న మేర నల్లమచ్చ ఏర్పడుతుంది. అందుకే ఏ రెండు పిల్లల మచ్చలూ ఒకేలా ఉండవు.

తెల్ల మచ్చ కనిపించగానే సంకరమని తోసిపుచ్చకూడదు. మేఘాలయకు చెందిన నియాంగ్ మేఘ జాతిలో నుదుటిపై నక్షత్రం వంటి తెల్లమచ్చ జాతి లక్షణమే. రంగు కణాలు చివరగా చేరే చోట్లు కనుక నుదురు, పాదాలు, పొట్ట తెల్లబడటం సహజం.

అసలు ప్రమాదం నల్ల పిల్లల్లో ఉంది. నల్ల నాటు పందికి యార్క్‌షైర్ మగపందిని దాటిస్తే పిల్లలన్నీ దాదాపు తెల్లగానే పుడతాయి. ఆ తెల్ల ఆడపిల్లలను తిరిగి నల్ల నాటు మగపందితో కలిపితే సగటున సగం తెల్లవి, సగం నల్లవి వస్తాయి. ఈ నల్లవాటిని నాటువని నమ్మి మందలో చేర్చుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు. వాటిలో సగటున నాలుగో వంతు రక్తం యార్క్‌షైర్‌దే. ఆ వాటా మరో తరం నాటు మగపందితో 12.5 శాతానికి, ఇంకో తరానికి 6.25 శాతానికి తగ్గుతుంది. కనుక రంగుకన్నా వంశావళి పుస్తకానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

నల్ల మగపందిలో ఎరుపు దాగి ఉందేమోనన్న అనుమానం తీరాలంటే, దాన్ని ఎర్ర డ్యూరాక్ ఆడపందితో కలపండి. ఒక్క ఎర్ర పిల్ల పుట్టినా అది ఎరుపును మోస్తున్నట్టే. ఎనిమిది పిల్లలూ నల్లగానే పుడితే, ఎరుపు దాగి ఉండి కూడా అలా జరిగే అవకాశం 256లో ఒక్కటే. ఈ పరీక్ష పిల్లలను మాత్రం నాటు మందలో పెంపకానికి ఉంచకుండా, మాంసానికే కేటాయించాలి.