‘అమానుషం’ ఎక్కడ రాయాలి, ఎవరికి తగిలించకూడదు

బెంగళూరు రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. వాళ్ల గురించి కరపత్రమో అర్జీయో తెలుగులో రాసేటప్పుడు ‘మనిషికంటే హీనంగా’ అన్న భావం పదేపదే అవసరమవుతుంది. అందుకు మనకున్న మాటలు ఒకదాని చోట ఇంకొకటి పెట్టేవి కావు.

అమానుషం చేసినవాడి క్రూరత్వాన్ని చెప్తుంది: ‘రక్షణ సామగ్రి లేకుండా మ్యాన్‌హోల్‌లోకి దించడం అమానుషం.’ అమానవీయం పరిస్థితులకు, పద్ధతులకు బాగా అతుకుతుంది. మానవేతరం అంటే మనిషి కానిది, అంతే. జంతువులకూ చెట్లకూ వాడతాం, అందులో నింద లేదు. పాత కావ్యాల్లో అమానుషానికి దివ్యమైనది అనే అర్థం కూడా ఉంది కాబట్టి, పొగడాలనుకున్న చోట మానవాతీతం అని రాయండి.

అసలు చిక్కు మాట ఎవరికి అంటుకుంటుందన్న దగ్గర వస్తుంది. ‘కార్మికులు పశువుల్లా బతుకుతున్నారు’ అంటే లోపం వాళ్లలోనే ఉన్నట్టు ధ్వనిస్తుంది. ‘కాంట్రాక్టరు వాళ్లను పశువుల్లా చూస్తున్నాడు’ అంటే చేసినవాడు బయటపడతాడు. ‘పశువుల్లా చూడబడుతున్నారు’ అని రాస్తే వాడు మళ్లీ దాక్కుంటాడు, పైగా అది తెలుగు వాక్యంలా ఉండదు.

ఈ భావాన్ని మనుషులకు పేరుగా మాత్రం ఎప్పుడూ పెట్టకండి. నాజీలు యూదులను, స్లావులను, రోమా ప్రజలను ‘ఉంటర్‌మెన్ష్’ అన్నారు. అంటే మనిషికంటే కింది జాతి అని. ఆ పేరు వాళ్లను చంపడానికి దారి వేసింది. ఆ చరిత్ర రాసేటప్పుడు ‘అధములు’ అని వదిలేయకుండా ‘నాజీలు అధములని ముద్రవేసినవాళ్లు’ అనాలి. ముద్ర ఎవరిదో వాక్యంలోనే ఉండాలి. నేరం చేసినవాడి విషయంలోనూ అంతే: ‘వాడు మృగం’ అనేకంటే చేసిన పనిని చెప్పండి.

అర్జీలో ‘అమానుషం’ ఒక్కటే రాసి సరిపెడితే అధికారి చేయాల్సిందేమీ కనిపించదు. తేదీ, చోటు, ఎవరు దించారు, ఏ సామగ్రి ఇవ్వలేదు అన్నవి ముందు రాయండి. తర్వాత, చేతులతో మలం ఎత్తించడాన్నీ, రక్షణ లేకుండా మురుగుకాలువల్లో దించడాన్నీ నిషేధించిన 2013 చట్టాన్ని పేర్కొనండి. మురుగుకాలువలో మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది, అదీ రాయండి. ‘అమానుషం’ వీటన్నిటి తర్వాత, ఒక్కసారి చాలు.

ఇంకొకటి, సర్వనామం. కన్నడంలో స్త్రీకి ‘బందళు’, వస్తువుకు ‘బంతు’. తెలుగులో రెంటికీ ‘వచ్చింది’ ఒక్కటే, అది మన వ్యాకరణం, అందులో అవమానం లేదు. అవమానమంతా ‘అది’లో ఉంది. ‘అది రోడ్డు ఊడుస్తుంది’ అని ఎవరన్నా చెప్పినా, కాగితం మీద ‘ఆవిడ రోడ్డు ఊడుస్తారు’ అని రాయండి. అన్న మాట యథాతథంగా కావాలంటే కొటేషన్‌లో పెట్టి, అన్నదెవరో పక్కనే చెప్పండి.