ఏళ్ల తరబడి పాయింట్లు పోగేసినా ట్యాగ్ రావడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

డెన్వర్‌లో ఉండే తమ్ముడొకడు మొన్న ఫోన్ చేశాడు. ఎల్క్‌ను వేటాడే అనుమతి చీటీ, అంటే ట్యాగ్, కోసం ఎనిమిదేళ్లుగా పాయింట్లు కూడబెడుతున్నాడు. ఎల్క్ అంటే మన కణుజుకి దగ్గరి చుట్టం, ఇంకా భారీగా ఉంటుంది. యూనిట్ అంటే రాష్ట్రం గీసిన ఒక వేట ప్రాంతం. "అన్నా, నేను మొదలుపెట్టిన ఏడు ఆ యూనిట్‌కి పది పాయింట్లు చాలన్నారు. ఇప్పుడు పద్నాలుగు అంటున్నారు. నా లెక్క ఎక్కడ తప్పింది?" అని అడిగాడు. అతని లెక్కలో తప్పేం లేదు. వేసుకున్న అంచనాలోనే ఉంది తిరకాసు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో వేట మీద మనసుపడిన తెలుగువాళ్లు ఏటా ఇవే ప్రశ్నలతో వస్తున్నారు. అందుకే వాళ్లు చెప్పే లక్షణాల వారీగా ఇది రాస్తున్నాను.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అన్న మాటే మూతపడింది. ఇక్కడ మాత్రం ఏ యూనిట్‌లో ఎన్ని జంతువులున్నాయో చూసి, ఈ ఏడు ఎన్నిటిని వేటాడవచ్చో రాష్ట్ర వన్యప్రాణి శాఖ తేలుస్తుంది. అన్ని ట్యాగులే ఇస్తుంది. అడిగేవాళ్లు ఎక్కువ, ట్యాగులు తక్కువ. ట్యాగులు ఎవరికో తేల్చే డ్రా, అందులో పాత దరఖాస్తుదారులకు మొగ్గు ఇచ్చే పాయింట్లు పుట్టుకొచ్చింది అందుకే.

ముందు తేల్చుకోవాల్సింది: మీరున్నది క్యూలోనా, లక్కీ డిప్‌లోనా?

తిరుమల సంగతి తెలిసినవాళ్లకు ఇది చప్పున ఎక్కుతుంది. సర్వదర్శనం క్యూలో ముందు నిలబడ్డవాడు ముందు వెళతాడు. ఆర్జిత సేవల లక్కీ డిప్‌లో ఎవరి పేరు తగిలితే వాళ్లకే. ప్రిఫరెన్స్ పాయింట్లు మొదటి రకం, బోనస్ పాయింట్లు రెండో రకం.

కొలరాడోలో ఎల్క్, డీర్, జింకలాంటి ప్రాంగ్‌హార్న్‌లకు ప్రిఫరెన్స్ పాయింట్లు. ఎక్కువ పాయింట్లున్నవాళ్లకే ట్యాగులు ముందు వెళతాయి. నెవాడాలో బోనస్ పాయింట్లు, అదీ వర్గం చేసి. మీకు 4 పాయింట్లుంటే 16కి ఒకటి కలిపి 17 చీటీలు. 10 ఉంటే 101 చీటీలు. ఏమీ లేనివాడికీ ఒక చీటీ ఉంటుంది, వాడికీ తగలొచ్చు. కొన్ని చోట్ల రెండూ కలిపిన పద్ధతి. వయోమింగ్‌లో బయటి రాష్ట్రాలవాళ్ల ఎల్క్, డీర్, ప్రాంగ్‌హార్న్ ట్యాగుల్లో 75 శాతం పాయింట్ల వరసలో, 25 శాతం ఊరికే లాటరీలో పోతాయి. యూటాలో ట్యాగులు పరిమితంగా ఇచ్చే లిమిటెడ్ ఎంట్రీ వేటల్లో సగం ట్యాగులు ఎక్కువ పాయింట్లవాళ్లకు, సగం లాటరీకి. అరిజోనాలో 20 శాతం పాయింట్ల శిఖరాన ఉన్నవాళ్లకు, మిగిలినవి చీటీల మీద. న్యూ మెక్సికో, ఐడహోల్లో అసలు పాయింట్లే లేవు.

ఇది తెలియకుండా "నాకు పన్నెండు పాయింట్లున్నాయి" అనడంలో అర్థం లేదు. ఏ రాష్ట్రంలో పన్నెండు అన్నదే అసలు విషయం.

లక్షణం: నాకు ఏటా ఒక పాయింటు పెరుగుతోంది, యూనిట్‌కి కావాల్సిన పాయింట్లూ పెరుగుతున్నాయి

ఇక్కడివాళ్లు దీన్ని పాయింట్ క్రీప్ అంటారు. అందరినీ ఎక్కువగా బాధపెట్టేది ఇదే, కనుక కాస్త నింపాదిగా చూద్దాం.

ఒక ఊహ తీసుకోండి. ఒక యూనిట్‌లో ఏటా 10 ట్యాగులు. మీకు 9 పాయింట్లు. మీకన్నా ఒక్క పాయింటు ఎక్కువున్నవాళ్లు 150 మంది. అంతకు మించి ఎవరూ లేరు. ఈ ఏడు ఆ గుంపులోంచి పది మందికి ట్యాగ్ వస్తుంది. మిగిలిన 140 మందీ వచ్చే ఏడు 11 పాయింట్లతో వస్తారు, మీరు 10తో వస్తారు. మళ్లీ పది మంది తగ్గుతారు. ఆ వరస ఖాళీ అయ్యేసరికి పదిహేనేళ్లు. ఈ పదిహేనేళ్లూ పట్టికలో "కావాల్సిన పాయింట్లు" అన్న అంకె ఏటా ఒకటి పెరుగుతూనే కనిపిస్తుంది. మీకు వాళ్లకు మధ్య దూరం ఒక పాయింటే, ఎప్పటికీ ఒక పాయింటే. ఇందులో ఎవరి మోసమూ లేదు. వరసలోకి వచ్చి చేరేవాళ్లు ఎక్కువ, బయటికి పోయేవాళ్లు తక్కువ, అంతే. కొలరాడో వాయవ్య మూలన ఉన్న 201 లాంటి పేరున్న ఎల్క్ యూనిట్లకు బయటి రాష్ట్రంవాళ్లకు 20 పైచిలుకు పాయింట్లు కావాల్సి రావడం ఇలాగే జరిగింది.

దీనికి మందు పట్టికను సరిగ్గా చదవడంలో ఉంది. కొలరాడో ఏటా డ్రా రీక్యాప్ రిపోర్ట్ బయటపెడుతుంది. మీ హంట్ కోడ్ (మీరు అడిగే వేటకు శాఖ ఇచ్చిన గుర్తు) ఉన్న పేజీ తీయండి. ఎడమవైపు పాయింట్ల స్థాయి, పక్కన ఎంతమంది అడిగారు, ఎంతమందికి వచ్చింది. అందరూ ఆఖరున ట్యాగ్ దక్కిన స్థాయిని చూసి పేజీ మూసేస్తారు. మీరు అక్కడ ఆగకండి. మీ స్థాయికీ ఆ స్థాయికీ మధ్యనున్న వరసల్లో ఎంతమంది ఉన్నారో కూడండి. మొత్తాన్ని మీ కోటాలో (ఆ రాష్ట్రవాసులదో, బయటి రాష్ట్రంవాళ్లదో) ఏటా ఇచ్చే ట్యాగులతో భాగించండి. వచ్చిన అంకె మీరు ఆగాల్సిన ఏళ్లు, అదీ తక్కువలో తక్కువ. ఎందుకంటే ఈ ఏడు వేరే యూనిట్‌లో వేసినవాళ్లు, పాయింటు మాత్రమే కొనుక్కున్నవాళ్లు ఆ పేజీలో కనబడరు. వాళ్లు ఏదో ఒక ఏడు మీ ముందుకొచ్చి నిలబడగలరు.

భాగహారం ఆరేడేళ్లు చెబితే ఆగండి. పాతికేళ్లు చెబితే ఆ యూనిట్ మీద ఆశ వదిలి, ఉన్న పాయింట్లకు ఇప్పుడే వచ్చే యూనిట్ చూసుకోండి. ఈ మాట చాలామందికి నచ్చదు, అయినా గట్టిగానే చెబుతాను. నలభై దాటాక పదివేల అడుగుల ఎత్తున ఎల్క్ మాంసం వీపున మోసుకుని దిగిరావడం ఏటికేడు కష్టమవుతుంది. పాయింట్లు పెరుగుతాయి, మోకాళ్లు పెరగవు.

ఆగుతున్నంతకాలం ఇంట్లో కూర్చోనక్కర్లేదు. కొలరాడోలో మొదటి చాయిస్‌కే పాయింట్లు ఖర్చవుతాయి. కాబట్టి మొదటి చాయిస్‌లో పాయింట్ కోడ్ వేయండి. ఎల్క్‌కి అది ఈ-పి-999-99-పి. రెండో చాయిస్‌లో తేలిగ్గా వచ్చే ఆడ ఎల్క్ ట్యాగో, పోటీ తక్కువున్న యూనిట్టో పెట్టండి. పాయింటు చేరుతుంది, ట్యాగూ రావచ్చు. పక్కనే న్యూ మెక్సికోలో ఏటా ఒక దరఖాస్తు వేయండి. అక్కడ గైడ్ లేకుండా వచ్చే బయటివాళ్లకు 6 శాతమే కోటా, నిజమే. కానీ నిన్న మొదలుపెట్టినవాడికీ ఇరవై ఏళ్లుగా వేస్తున్నవాడికీ అక్కడ ఒకటే అవకాశం. ట్యాగ్ డబ్బు ముందే కట్టాలి, రాకపోతే వెనక్కి ఇస్తారు.

ఆ తమ్ముడితో ఫోన్‌లోనే కూర్చుని ఈ కూడికా భాగహారం చేశాం. పంతొమ్మిదేళ్లు తేలింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఎనిమిదికి ఏమొస్తుందో చూద్దాం అన్నా" అన్నాడు. మంచి యూనిట్లే నాలుగు కనబడ్డాయి.

లక్షణం: డ్రాలో రాలేదు, పాయింటు కూడా చేరలేదు

కారణం దాదాపు ఎప్పుడూ రెండింట్లో ఒకటి.

మొదటిది వయోమింగ్. కొలరాడోలో మొదటి చాయిస్ తగలకపోతే పాయింటు దానంతట అదే చేరుతుంది. వయోమింగ్‌లో ఎల్క్, డీర్, ప్రాంగ్‌హార్న్‌కి అలా చేరదు. జూలై 1 నుంచి అక్టోబరు చివరి దాకా ఉండే గడువులో విడిగా కొనుక్కోవాలి. ఎల్క్ పాయింటు 52 డాలర్లు. ఫిబ్రవరిలో దరఖాస్తు వేసి, రాలేదని తెలిసి, జూలై సంగతి మర్చిపోయిన తెలుగువాళ్లు నాకు తెలిసే ఐదారుగురున్నారు. ఫోన్ క్యాలెండర్లో జూలై 1న ఒకటి, అక్టోబరు 1న ఒకటి గుర్తు పెట్టుకోండి.

రెండోది మన పేర్లు. హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) కార్డు మీద "వెంకట సాయి కృష్ణ" అని ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ఇంటిపేరు మొదట. ఒక ఏడు ఒక కార్డు చూసి ఖాతా తెరుస్తారు, ఇంకో ఏడు పాస్‌వర్డ్ మర్చిపోయి మరో కార్డుతో ఇంకొకటి తెరుస్తారు. మూడు పాయింట్లు ఒక దాంట్లో, నాలుగు మరో దాంట్లో. ఏడుండాల్సిన చోట నాలుగే కనిపిస్తాయి. శాఖకు ఫోన్ చేసి, పుట్టిన తేదీ, రెండు ఖాతాల నంబర్లూ, గుర్తింపు కార్డూ చూపించి కలపమని అడగండి. గడువు ముందు వారంలో కాదు, నెల ముందే. ఇకమీదట డ్రైవింగ్ లైసెన్సులో ఉన్న పేరు ఒక్కటే ప్రతి రాష్ట్రంలోనూ వాడండి.

లక్షణం: ఉన్న పాయింట్లు సున్నా అయ్యాయి

రాష్ట్రానికో గడువు. వయోమింగ్, నెవాడాల్లో వరుసగా రెండేళ్లు ఏమీ వేయకపోతే పోతాయి. అరిజోనాలో ఐదేళ్లు. పిల్లలు పుట్టిన ఏడో, ఇండియాలో ఎక్కువకాలం ఉండాల్సి వచ్చిన ఏడో ఇది జరుగుతుంది. ఇండియా నుంచైనా పాయింటు మాత్రమే కొనుక్కునే వీలుంది, ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని.

పాయింట్లు పోవడానికి ఇంకో దారీ ఉంది. నెవాడాలో ఐదు చాయిస్‌లు ఇవ్వచ్చు, ఐదింట్లో ఏది తగిలినా పాయింట్లన్నీ ఖర్చే. కొలరాడో అలవాటుతో "ఐదోది ఏముందిలే" అని పనికిరాని యూనిట్ రాసినవాళ్లు పదేళ్ల పాయింట్లు దానికి ధారపోశారు. నెవాడాలో నిజంగా వెళ్లాలనుకున్నవే రాయండి. రెండే నచ్చితే రెండే రాసి ఆపేయండి.

లక్షణం: బావమరిదితో కలిపి దరఖాస్తు వేశాను, నా పాయింట్లు పనిచేయలేదు

కొలరాడోలో గుంపుగా వేస్తే అందరిలో తక్కువున్నవాడి పాయింట్లే గుంపు పాయింట్లు. మీకు 11, బావమరిదికి 2 అయితే మీరిద్దరూ 2 కిందే లెక్క. పైగా ట్యాగ్ వస్తే మీ 11 కూడా చెల్లిపోతాయి. వయోమింగ్, అరిజోనా, నెవాడాల్లో సగటు తీస్తారు. కలిసి వెళ్లాలనుంటే దగ్గర దగ్గర పాయింట్లున్నవాళ్లతో వేయండి, లేదా మీరొక్కరే వేసి బావమరిదిని తోడు తీసుకెళ్లండి. ట్యాగ్ లేనివాడు వేటాడకూడదు గానీ వెంట నడవచ్చు, మాంసం మోయచ్చు.

లక్షణం: పేరు తగిలింది, ట్యాగ్ మాత్రం రాలేదు

ఇది నాకే జరిగింది. ఏ రాష్ట్రమో చెప్పను, తప్పు వాళ్లది కాదు. దరఖాస్తు వేసిన మూడు వారాలకు బ్యాంకు మోసపు లావాదేవీ అనుమానంతో నా కార్డు ఆపేసి కొత్తది పంపింది. కరెంటు బిల్లుకి మార్చాను, పిల్లల స్కూలుకి మార్చాను. వేట శాఖ ఖాతాలో పాతదే ఉండిపోయింది. ఒక మంగళవారం పొద్దున ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్ మోగింది, చెల్లింపు తిరస్కరించారని సందేశం. ఏమిటా అని అనుకునేలోపే రెండోసారీ తిరస్కరణ. సాయంత్రానికి ఖాతా తెరిస్తే ఆ ట్యాగ్ లేదు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన యూనిట్ అది.

కొన్ని రాష్ట్రాలు దరఖాస్తు రోజున చిన్న ఫీజే తీసుకుని, అసలు ట్యాగ్ ధర డ్రా రోజున లాగుతాయి. అరిజోనా అలాంటిదే. డ్రాకు ముందు వారం ఖాతాలోకి వెళ్లి కార్డు నంబరు, గడువు తేదీ సరిచూసుకోండి. బయటి రాష్ట్రంవాళ్ల ట్యాగ్ వందల డాలర్లుంటుంది కాబట్టి కార్డులో అంత పరిమితి మిగిలి ఉందా అనేదీ చూడండి.

లక్షణం: ట్యాగ్ ఉంది, వెళ్లే దారి లేదు

వయోమింగ్‌లో ఫెడరల్ వైల్డర్‌నెస్‌గా (చెక్కుచెదరని అడవిగా కాపాడేవి) ప్రకటించిన భూముల్లో బయటి రాష్ట్రంవాళ్లు లైసెన్సున్న గైడో, ఆ రాష్ట్రవాసి తోడో లేకుండా పెద్ద జంతువుల వేటకు వెళ్లకూడదు. యూనిట్ ఎంచుకునే ముందే మ్యాపులో వైల్డర్‌నెస్ ఎంత, ప్రైవేటు భూమి ఎంత, మామూలు ప్రభుత్వ భూమి ఎంత అని చూడాలి. ట్యాగులు తేలిగ్గా దొరుకుతున్న యూనిట్లలో చాలాసార్లు కారణం ఇదే.

సెలవు దొరకకో, ఇంట్లో ఆరోగ్యం బాగోకో వెళ్లలేకపోతే, అరిజోనాలో దరఖాస్తుతోపాటే పాయింట్‌గార్డ్ కొని ఉంటే ట్యాగ్ తిరిగిచ్చి పాయింట్లు నిలుపుకోవచ్చు. ఒక్కో జంతువుకి 5 డాలర్లు. తీసుకోకుండా వదిలేయడానికి నాకైతే కారణం కనబడదు.

లక్షణం: రాష్ట్రం మారాను, రెసిడెంట్‌గా వేస్తే కుదరలేదు

కొలరాడోలో ఆరు నెలలు, వయోమింగ్‌లో ఏడాది నివాసం ఉండాలి. న్యూజెర్సీ నుంచి వయోమింగ్ రాజధాని షెయెన్‌కి మారబోయేవాళ్లకు ఇంకో మాట. వయోమింగ్‌లో ఎల్క్, డీర్ పాయింట్లు బయటివాళ్లకే. అక్కడి రెసిడెంట్లకు వాటి డ్రాలో పాయింట్ల లెక్కే లేదు. మారబోతున్నారని ముందే తెలిస్తే, మారే ముందు ఏడు వాటిని ఖర్చుపెట్టేయండి.

హెచ్‌-1బి, హెచ్‌-4 మీద ఉన్నవాళ్లకు

నాన్‌ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. అంటే డ్రా కోసం కొన్న లైసెన్సు గడువు ముగిసిన రోజున, అలమారలో ఉన్న రైఫిల్ మీ ఇమ్మిగ్రేషన్ కేసుకే ముప్పు తేవచ్చు. రైఫిల్ కొనడానికి ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి. గ్రీన్‌కార్డు దాకా ఆగాలనుకుంటే విల్లుతో ఆర్చరీ సీజన్‌కి వేయండి. ఈ ఫెడరల్ నిషేధం విల్లుకి వర్తించదు. సెప్టెంబరులో మగ ఎల్క్ కూతపెట్టే రోజులవి, ఆ కూత ముప్పై గజాల దూరంలో విన్నవాళ్లు అక్టోబరు రైఫిల్ ట్యాగ్ గురించి మళ్లీ అడగడం నేను తక్కువగా చూశాను.